పాతది పొడిగా, తడంతా కొత్తవైపు: ఒక మండువా ఇంటి మరమ్మతు, విస్తరణ

నేపథ్యం

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆనాటి తెలుగు వీధులు గంజాం, గజపతి జిల్లాల పాత ఊళ్ళలో ఈనాటికీ మిగిలి ఉన్నాయి. వీధికి ఇరువైపులా గోడకు గోడ ఆనించి కట్టిన వరుస ఇళ్ళు, వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, ముందు అరుగులు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, వెనక పెరడు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ రెండు జిల్లాల్లోనూ, సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం, మందస వైపు ఊళ్ళలోనూ ఇటువంటి ఇళ్ళను బాగుచేసే పనిలో ఉన్నాను. వాటిలో ఒకదాని గురించి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మాకంటే ముందు పనిచేసినవారి తప్పులూ, మా తప్పులూ ఆ ఇంట్లో ఒకే చోట పుట్టాయి. నీరు ఎటు పోతున్నదో తెలుసుకోకముందే అందరమూ గోడకు వైద్యం మొదలుపెట్టాం. ఇంటివారి అనుమతితో రాస్తున్నాను. ఊరిపేరు, వీధిపేరు, వారిని గుర్తుపట్టగల వివరాలు వదిలేశాను.

ఇల్లు కట్టి నూరేళ్ళు దాటింది. పాత క్రయదస్తావేజు తెలుగులో ఉంది, అందులో వెడల్పు 18 మూరలు అని రాశారు. మేము టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా 27 అడుగులు వచ్చింది. ఇప్పటి పట్టా ఒడియాలో ఉంది, భూమి రకం దగ్గర ఘరబారి, అంటే ఇంటిస్థలం, అని ఉంటుంది. వీధి అరుగు నుంచి పెరటి గోడదాకా లోతు 112 అడుగులు. అరుగు దాటగానే నడవ, తరువాత సావిడి, మండువా, దాని చుట్టూ వసారా, ఎడమవైపు రెండు గదులు, కుడివైపు దేవుడి గది, సామాన్ల కొట్టు, వెనక వంటిల్లు, పెరటి వసారా, నుయ్యి. గోడలు 22 అంగుళాల మందం, రాయీ ఇటుకా కలిపి మట్టి అడుసుతో కట్టి పైన సున్నం పూసినవి. కప్పు బెంగళూరు పెంకులు. దూలాలు వేగిసవి, మండువా స్తంభాలు టేకువి.

ఇంట్లో ఎనభై దాటిన మామ్మగారు, ఆమె పెద్దకొడుకు, కోడలు ఉండేవారు. మనవడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు భువనేశ్వర్ నుంచి తిరిగివచ్చి ఇక్కడే స్థిరపడాలనుకున్నారు. అంటే ఏడుగురు మనుషులు, ఒకే ఒక స్నానాలగది, అదీ పెరటి చివర.

వారు అడిగినది

మనవడు మొదటిరోజే ఒక కాగితం ఇచ్చాడు. నాలుగు పడకగదులు, ప్రతి గదికీ అందులోనే స్నానాలగది, కొత్త తరహా వంటిల్లు, కూర్చుని పనిచేసుకోవడానికి ఒక గది, మండువాకు పైకప్పు. వీటితోపాటు సావిడిలోనూ, మామ్మగారి గదిలోనూ గోడల చెమ్మ పోవాలి. ఎనిమిదేళ్ళ కిందట ఒక కాంట్రాక్టరు ఆ గోడలకు నాలుగడుగుల ఎత్తుదాకా సిమెంటు పూత పూసి, దానిలో నీరు పట్టనివ్వని మందు కలిపి, పైన టైల్సు అతికించాడు. తరువాత చెమ్మ నాలుగడుగులు దాటి ఆరున్నర అడుగులకు ఎక్కింది. టైల్సు పైన గోడంతా తెల్లటి ఉప్పు పూసి, వేలితో తాకితే పిండిలా రాలుతోంది. మామ్మగారి పరుపు గోడవైపు ఎప్పుడూ తేమగానే ఉండేది. ఆమె ఒకటే మాట అన్నారు: "గోడకి చెమట పడతంది బాబూ, దానికి ఊపిరాడ్డం లేదు."

ఆ మాట ఆ రోజు నాకు అలంకారంలా వినిపించింది. అది అక్షరాలా నిజమని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

మొదటి రెండు నిర్ణయాలు

మొత్తం పడగొట్టి కొత్తగా కట్టుకుంటే ఖర్చు తగ్గుతుందని మనవడి వాదన. వరుస ఇళ్ళలో ఒకటి కూలిస్తే పక్క ఇళ్ళ సంగతేమిటన్నది నా ప్రశ్న. రెండువైపులా గోడలు ఉమ్మడివి, పక్కింటి దూలాల కొసలు కూడా అదే గోడలో కూర్చున్నాయి. మన ఇల్లు తీసేస్తే ఆ గోడకు ఇటువైపు ఆసరా పోతుంది. మట్టి అడుసు గోడ పైనుంచి నిలువుగా వచ్చే బరువును మోస్తుంది కానీ పక్కకు తోసే ఒత్తిడిని తట్టుకోలేదు. పని జరిగినన్నాళ్ళూ రెండు ఇళ్ళకు ఊతకర్రలు పెట్టి కాపాడే బాధ్యత మనదే అవుతుందని లెక్క వేసి చూపించాక, ఆ ఖర్చు చూసి అతను తానే ఆ ఆలోచన మానుకున్నాడు. ఇల్లు నిలబెట్టాలన్న మమకారం నాకూ ఉంది, కానీ అతన్ని ఒప్పించింది మాత్రం ఈ లెక్కే.

రెండవది, పాత గోడల మీదే శ్లాబు వేసి పైన రెండు గదులు కట్టమని వేరొక ఇంజనీరు ఇచ్చిన సలహా. చెక్కతో కలిపి బెంగళూరు పెంకుల కప్పు చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగుతుంది. నాలుగంగుళాల శ్లాబు ఒక్కటే 250 కిలోలు, పైన గచ్చు, మనుషులు, సామాను కలిపితే 550 దాటుతుంది. గోడ ఈ బరువుకు నలిగిపోతుందని నేను అనలేదు, 22 అంగుళాల గోడ ఒకవేళ మోయనూవచ్చు. నా భయం పునాది గురించి. ఒకచోట గొయ్యి తీసి చూస్తే పునాది మూడడుగుల లోతులోనే ముగిసింది. దాని కింది మట్టి వానాకాలంలో మెత్తబడుతోంది. తడిసిన మట్టి మీద ఇప్పటి కప్పుకు ఎనిమిది రెట్ల బరువు మోపి, గోడ ఎక్కడ దిగుతుందో చూద్దామని కూర్చోలేం. కాబట్టి పాత ఇంటి మీద ఒక్క ఇటుక కూడా అదనంగా పెట్టకూడదని, కావలసిన కొత్త గదులన్నీ పెరట్లో విడిగా లేపాలని నిర్ణయించాం.

చెమ్మ: మేము చేసింది, విఫలమైనది

ముందు టైల్సు, సిమెంటు పూత కొట్టించేశాం. దానికి కారణం ఇది. నేలలోని తేమ గోడలోని సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది. సున్నపు పూత అయితే ఆ తేమ దారిలోనే గదిలోకి ఆవిరైపోతుంది, కాబట్టి మోకాలి ఎత్తు దాటకముందే చాలావరకు ఆరిపోతుంది. సిమెంటు పూతా, టైల్సూ ఆ ఆవిరి దారిని మూసేస్తాయి. అప్పుడు నీరు బయటికి పోలేక, మూత అయిపోయిన ఎత్తుదాకా ఎక్కి అక్కడ బయటపడుతుంది, తనతో తెచ్చిన ఉప్పును అక్కడే వదులుతుంది. నాలుగడుగుల పూతకు పైన ఆరున్నర అడుగుల చెమ్మ కనిపించడానికి కారణం అదే. నేలకు సిమెంటు కాంక్రీటు వేసి పాలిష్ టైల్సు పరచడం వల్ల నేలలోనుంచి ఆవిరయ్యే తేమ కూడా గోడలవైపే మళ్ళింది.

ఇక్కడిదాకా మా తర్కం సరిగ్గానే ఉంది. గుల్ల సున్నం తెప్పించి, పెరట్లో గుంటలో నీళ్ళు పోసి నానబెట్టి, నెల ఆగి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక, కొంత ఇటుకపొడి కలిపి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళతో పూయించాం. మే నెలలో పని జరిగింది. శ్రావణం వచ్చేసరికి మామ్మగారి గదిలో పూత పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

మొదట మేము నెలను నిందించాం. అందులో కొంత నిజముంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయిగా మారాలి, ఆ మార్పు జరగాలంటే పూత కొన్నివారాలపాటు కొద్దిగా తడిగా ఉండాలి. మే నెల వడగాడ్పులకు అది రెండురోజుల్లో ఎండిపోయి, గట్టిపడకుండానే పొడిబారింది. అందుకని భాద్రపదంలో ఒక మూల నాలుగడుగుల చదరంలో మళ్ళీ పూసి, తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి, ఇరవై రోజులు రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లించాం. ఈసారి పూత బాగా గట్టిపడింది, గోటితో గీస్తే గీత పడలేదు. అయినా కార్తీకం దాటేసరికి ఆ చదరం నిండా ఉప్పు పూసింది.

ఆ రోజు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. మా పాత రాజమిస్త్రీ ఒడియావాడు, మాటలు తక్కువ. గోడకు అరచెయ్యి ఆనించి, "కాంథ ఓదా అఛి, ఆజ్ఞా" అన్నాడు, గోడ ఇంకా తడిగానే ఉందని. వానలు వెళ్ళి నెలన్నర అయింది, నూతిలో నీటిమట్టం అప్పటికే దిగింది. నేలలోనుంచి మామూలుగా ఎక్కే తేమ అయితే ఈపాటికి తగ్గాలి. తగ్గలేదంటే ఎక్కడో ఎవరో ఇంకా నీళ్ళు పోస్తున్నారన్నమాట. పూతను మార్చి మార్చి చూడటం ఆపేసి, నీరు ఎక్కడినుంచి వస్తున్నదో వెతకాలని అప్పుడు నిశ్చయించుకున్నాను. నిజానికి అది మొదటివారంలో చేయవలసిన పని.

తూము

మండువా చుట్టూ ఉన్న కప్పు నాలుగువైపుల నుంచి లోపలికే వాలి ఉంటుంది. ఈ ఇంట్లో మండువాలోకి నీరు దింపే కప్పు, మండువాతో కలిపి, సుమారు 70 చదరపు మీటర్లు. ఒకరోజు 100 మిల్లీమీటర్ల వాన పడితే 7 వేల లీటర్ల నీరు ఇంటి నడిబొడ్డులో పడుతుంది. తుఫాను రోజుల్లో అంతకన్నా ఎక్కువే. అన్నేళ్ళుగా ఆ నీరంతా ఎటు పోయింది?

మామ్మగారిని అడిగాను. ఆమె మండువా ఈశాన్యపు మూల రాతి కన్నం చూపించి, తాను కాపురానికి వచ్చిన కొత్తలో ఆడపడుచులు అక్కడ కాగితప్పడవలు వదిలితే అవి పెరట్లో తేలేవనీ, పిల్లలు వంటింటి గుండా పరుగెత్తి అక్కడ పట్టుకునేవారనీ చెప్పారు. "ఇప్పుడు పడవ వదిల్తే ఎక్కడికీ రాదు బాబూ," అన్నారు.

మరునాడు పరీక్ష చేశాం. మామ్మగారి గది గోడ పక్కన మూడడుగుల గుంత తవ్వి ఉంచి, ముగ్గుల కోసం తెచ్చిన జాజు నీళ్ళలో కలిపి, మండువాలో నలభై బిందెలు పోశాం. పావుగంటలో మండువా ఖాళీ అయింది. తూము బాగానే పనిచేస్తున్నదని అందరూ అనుకున్నారు, ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చారు కూడా. పెరట్లో తూము నోటి దగ్గర మాత్రం ఒక్క చుక్క రాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుంతలోకి తొంగిచూస్తే, అడుగున జానెడు ఎర్రనీళ్ళు ఊరి ఉన్నాయి. మనవడు చాలాసేపు మాట్లాడకుండా ఆ గుంత దగ్గరే కూర్చున్నాడు.

వెనకగదుల నేల విప్పితే సంగతి తెలిసింది. పాతికేళ్ళ కిందట పెరట్లో సెప్టిక్ ట్యాంకు తవ్వినప్పుడు అది సరిగ్గా తూము దారికి అడ్డుపడింది. పనివాళ్ళు తూము కొసను ఇటుకలతో మూసేశారు. నీరు దారిలేక రాళ్ళ సందుల్లోంచి గోడల కిందికి ఇంకడం మొదలుపెట్టింది. సిమెంటు పూత కాంట్రాక్టరూ, మేమూ ఇద్దరమూ వైద్యం చేసింది ఈ మూసిన నోటి వల్ల వచ్చిన జబ్బుకే. రోజూ మండువాలో అంట్లు తోమిన నీళ్ళు కూడా అదే దారిన పోయేవి. అందుకే కార్తీకంలోనూ గోడ ఆరలేదు.

ఏది పనిచేసింది

తూమును పాత దారిలోనే తిరిగి తెరిచాం. పాత రాళ్ళు తీసి కడిగి, సందులు సున్నంతో పూడ్చి, నీటివాలు సరిచేసి, మధ్యలో రెండుచోట్ల మూత తీసి చూసుకునే గదులు పెట్టాం. సెప్టిక్ ట్యాంకును పెరటి చివరికి మార్చాం. వాననీరు ఇంటికి ముప్ఫై అడుగుల దూరంలో ఇంకుడుగుంతలోకి పోయి, నిండితే వెనక సందు కాలువలో పడుతుంది. గదుల్లో కాంక్రీటు నేల తీసేసి, సున్నపు గచ్చు మీద నాపరాళ్ళు పరచి, సందులు సున్నంతోనే నింపాం.

ఆ తరువాత చేయవలసింది ఆగడం, అదే అన్నిటికన్నా కష్టమైంది. మా వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది, తడిసిన గోడ అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందని. 22 అంగుళాల గోడ రెండువైపులా ఆరినా పదకొండు నెలలు. ఉప్పు పీల్చుకోవడానికి మాత్రమే ఒక పలచని సున్నపు పూత పూసి, అది ఉప్పుతో నిండాక గీకి పారేసి, మళ్ళీ పూశాం. మొత్తం రెండుసార్లు అలా చేశాక, మూడవ పూత నిలిచింది. డబ్బు పెట్టి పూసినదాన్ని గీకి పారేయడం ఇంటివారికి మింగుడుపడలేదు, అది ఉప్పును తనలోకి తీసుకుని పోవడానికే పూసిన పూత అని ప్రతిసారీ కూర్చుని వివరించాల్సి వచ్చింది. గోడ ఆరిందో లేదో చూడటానికి, జానెడు ప్లాస్టిక్ కాగితం నాలుగువైపులా టేపుతో గోడకు అతికించి ఒకరోజు ఉంచేవాళ్ళం. గోడవైపు నీటిబిందువులు పడితే తడి గోడలోనుంచి వస్తున్నట్టు, గదివైపు పడితే గాలిలోనుంచి. పిల్లలు పొద్దున్నే లేచి ఆ కాగితం చూసి నాకు ఫోన్ చేసి చెప్పడం అలవాటైంది.

ఈ పదకొండు నెలల మూలంగానే పని క్రమం తలకిందులైంది, అది మేలే చేసింది. ముందు పాత ఇల్లు బాగుచేసి, తరువాత విస్తరణ అనుకున్నాం. ఇప్పుడు విస్తరణ ముందు కట్టి, కుటుంబాన్ని అందులోకి మార్చి, పాత ఇంటిని ఆరనిచ్చాం. మొదటి అంచనా పది నెలలు, అయింది ఇరవై రెండు నెలలు.

విస్తరణ

పెరట్లో 24 అడుగులకు 30 అడుగులు, రెండంతస్తుల కాంక్రీటు స్తంభాల కట్టడం. దీన్ని పాత ఇంటికి ఆనించి కట్టమని అందరూ అన్నారు, స్థలం కలిసివస్తుందని. మేము ఆరడుగుల ఖాళీ వదిలాం. కొత్త పునాది ఐదడుగుల లోతు, పాతది మూడడుగులు. పాత పునాది అంచు నుంచి 45 డిగ్రీల వాలుగా గీసిన గీతకు లోపల తవ్వితే దాని కింది మట్టి జారుతుంది. రెండడుగుల తేడాకు కనీసం రెండడుగుల దూరం కావాలి, తడిసిన నేల కాబట్టి మూడింతలు తీసుకున్నాం. అదీగాక కొత్త కట్టడం తన బరువుకు తాను కొంత దిగుతుంది, పాతది దిగడం ఏనాడో అయిపోయింది. రెంటినీ కలిపి కడితే అతుకు దగ్గర పగులు తప్పదు. ఆ ఆరడుగుల్లోనే ఒకవైపు పలచని కప్పుతో నడవ వేశాం, అది కొత్త కట్టడం మీదే నిలబడి, పాత గోడను తాకకుండా అంగుళం ఎడంగా ఆగుతుంది. మిగిలిన ఖాళీ ఆకాశానికి తెరిచి ఉంది. దానివల్ల పాత ఇంటి వెనక గోడకు గాలి ఆడుతుంది, వెనకగదులకు వెలుతురు వచ్చింది.

వంటిల్లు, స్నానాలగదులు, బట్టలుతికే చోటు, నీళ్ళ ట్యాంకు, నీటిని మోసే ప్రతి గొట్టమూ కొత్తవైపే పెట్టాం. పాత ఇంట్లో సావిడి అలాగే ఉంచి, పాత వంటిల్లు భోజనాలగదిగా, సామాన్ల కొట్టు పనిగదిగా మార్చాం. నిజానికి ఈ విభజన పాత ఇంటిలోనే ఉంది. నుయ్యి, స్నానం, దొడ్డి అన్నీ వెనక పెరట్లోనే పెట్టి, ముందుభాగాన్ని పొడిగా ఉంచినవాళ్ళు ఆ ఇంటిని కట్టినవాళ్ళే. మేము ఆ పెరటిని పైకప్పు కిందికి తెచ్చాం, అంతే.

ఒక్కచోట ఈ నియమం వంచవలసి వచ్చింది. మామ్మగారు తన గది వదలనన్నారు. రాత్రి మూడుసార్లు లేచే మనిషిని వెనక కట్టడందాకా నడిపించడం అన్యాయం. ఆమె గదిలోనే స్నానాలగది పెట్టమని కోడలు కోరింది, ఆ కోరికలో తప్పు లేదు. కానీ అప్పుడే ఆరిన గోడను మళ్ళీ తడపడానికి నాకు మనసు రాలేదు. ఆరడుగుల ఖాళీలో, నడవ పక్కన, కొత్త కట్టడం పునాది నుంచే చాచిన పలక మీద చిన్న స్నానాలగది కట్టాం. గొట్టాలన్నీ బయటివైపు, పాత గోడకూ దానికీ జానెడు ఎడం. ఆమె మంచం నుంచి పద్నాలుగు అడుగులు. మధ్యలో ఉన్న రెండు గడపలకు చెక్కవాలు వేసి, గోడ పొడవునా పట్టుకోవడానికి కర్ర బిగించాం. సింహద్వారం గడపను మాత్రం ముట్టుకోలేదు, పసుపు రాసి పూజించే గడపను కోయమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

మండువా పైకప్పు

ఇది పూర్తిగా మా తప్పు. వాన జల్లు, దుమ్ము, కోతులు పడలేకున్నామని మనవడి భార్య గట్టిగా చెప్పడంతో, మండువా మీద పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు బిగించాం. పక్కల్లో అడుగు సందు వదిలాం, వేడిగాలి పోవడానికి చాలుతుందని లెక్క వేసుకుని. ఏప్రిల్ వచ్చేసరికి వసారాలో మధ్యాహ్నం కూర్చోలేకపోయారు. రేకు ఎండను లోపలికి రానిచ్చి, వేడిని బయటికి పోనివ్వలేదు. అంతకుముందు మండువాలోంచి వేడిగాలి పైకి లేస్తుంటే, వీధివైపు నుంచి చల్లగాలి నడవ గుండా లోపలికి లాగబడేది. ఆ లాగుడు ఆగిపోయింది. ఆరుతున్న గోడలు కూడా అక్కడ నెమ్మదించాయని ప్లాస్టిక్ కాగితం పరీక్షలో తేలింది.

రేకు మా ఖర్చుతోనే తీయించాం. దాని బదులు కోతుల కోసం స్టీలు జాలీ, చూరు అంచున నాలుగువైపులా వెడల్పాటి ద్రోణి, దాని నీటిని నేరుగా తూములోకి దింపే గొట్టం పెట్టాం. జల్లు నేలమీద పడి చిమ్మడం వల్లే వసారా తడిసేది, ద్రోణి వచ్చాక ఆ చిమ్ముడు చాలావరకు తగ్గింది. గాలివాన రోజుల కోసం వెదురు తడకలు, పైకి చుట్టుకునేవి. ఆమె ఫిర్యాదులు నిజమైనవే. దానికి మేము తొందరలో ఇచ్చిన జవాబే తప్పు.

కప్పు, తుఫాను

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాను కుదిపేసింది. ఆ రాత్రి ఈ ఇంటి పెంకులు వీధివైపు మూడు వరుసలు లేచిపోయాయి. గాలి కప్పును కిందికి నొక్కడంకంటే పైకి లాగడమే ఎక్కువ, ఆ లాగుడు చూరు అంచుల్లోనూ, నడికొప్పు దగ్గరా అధికం. కాబట్టి అంచు వరుసల పెంకులను ఒక్కొక్కటి తీగతో పట్టీలకు కట్టించాం, కొప్పు పెంకులను సున్నంలో కూర్చోబెట్టాం. వాసాలను గోడమీది అడ్డపట్టెకు ఇనుప పట్టీలతో బిగించి, ఆ పట్టెను నాలుగడుగుల లోతుదాకా గోడలోకి దింపిన కడ్డీలతో పట్టి ఉంచాం. కప్పు లేవాలంటే ఇప్పుడు నాలుగడుగుల గోడ బరువును కూడా లేపాలి.

దూలాల్లో రెండింటి కొసలు గోడలో పుచ్చిపోయాయి. దూలం మొత్తం మార్చకుండా, పుచ్చిన అడుగున్నర కోసి, కొత్త చెక్క అతికి, రెండువైపులా ఇనుప పలకలు పెట్టి బోల్టులు బిగించాం. గోడలో దూలం కొస చుట్టూ వేలెడు ఖాళీ వదిలాం. పాత మరమ్మతులో ఎవరో ఆ ఖాళీని సిమెంటుతో గట్టిగా మూసెయ్యడం వల్లే కొసలు కుళ్ళాయి.

ఎంత బిగించినా పెంకుల కప్పు కింద తుఫాను రాత్రి నిశ్చింతగా పడుకోమని నేను చెప్పలేను. కొత్త కట్టడంలో కింది పడకగదిని, గట్టి తలుపుతో, చిన్న కిటికీతో, ఏడుగురూ ఒక రాత్రి గడపగలిగేలా పెద్దదిగా ఉంచింది అందుకే.

ఈ ఇంటి తరువాత మా పద్ధతిలో మార్పు

ఇప్పుడు పాత ఇంటికి పిలుపు వస్తే మొదటిరోజు గోడలు చూడం. మండువాలో రంగునీళ్ళు పోసి అది ఎక్కడ తేలుతుందో చూస్తాం, ఇంట్లో అందరికన్నా పెద్దవారిని నీటి గురించి అడుగుతాం. ఇంటి ప్లానులో మొదట గీసే గీత తూముది. చెమ్మ ఉన్న ఇంట్లో కొత్తవైపు ముందు కట్టి, పాతవైపు ఆరే కాలాన్ని ఒప్పందంలోనే రాసుకుంటాం. సున్నం పని కార్తీకం నుంచి మాఘం లోపే పెట్టుకుంటున్నాం. ఏ పూత అయినా గది మొత్తం పూసేముందు నాలుగడుగుల చదరం పూసి ఒక వానాకాలం చూడటం మా ఒప్పందాల్లో ఇప్పుడు తప్పనిసరి. కొందరు అంత ఆగలేమని వేరేవారి దగ్గరికి వెళ్ళారు. వారిని నేను తప్పుపట్టను, కానీ ఆ నియమాన్ని మార్చుకోను.

మిగిలినది

రెండు వానాకాలాలు గడిచాయి. మామ్మగారి గది పొడిగా ఉంది, సావిడి తూర్పుగోడా అంతే. పడమటి ఉమ్మడి గోడ మీద మాత్రం మూడడుగుల ఎత్తున చేట వెడల్పులో ఒక మచ్చ మిగిలింది, ఏడాది పొడవునా తగ్గదు, పెరగదు. గోడకు అటువైపు పక్కింటివారి స్నానాలగది ఉంది. వారిని కలిసి జాజునీళ్ళ పరీక్ష గురించి చెప్పాను. వారి ఇంట్లోనూ అదే గోడకు సిమెంటు పూత ఊడుతోందట. కనుమ పండుగ వెళ్ళాక వారి నేల విప్పి చూడటానికి ఒప్పుకున్నారు.